సహదానం: ఆంధ్ర బౌద్ధ శాసనాలను చదివే తీరుపై ఒక విమర్శ

క్రీ.శ. ఏడవ శతాబ్ది పూర్వార్ధంలో కళింగం మీదుగా దక్షిణ కోసలంలో ప్రవేశించిన హ్యూయన్ త్సాంగ్, ఆ దేశవర్ణనలో ఒక విహార నిర్మాణగాథను చేర్చాడు. సాతవాహన రాజు నాగార్జునాచార్యుని నిమిత్తం కొండను తొలిపించి, ఐదంతస్తుల సంఘారామాన్ని నిర్మింప పూనుకుంటాడు. పని సగం కాకమునుపే బొక్కసం నిండుకుంటుంది. రాజు దిగులుపడతాడు. ఆచార్యుడు రసవిద్యతో శిలలను సువర్ణంగా మారుస్తాడు, పని నెరవేరుతుంది. అంతా అయ్యాక పనివారు తిన్న ఉప్పు వెల ఎంతయిందని లెక్క చూస్తే తొమ్మిది కోట్ల బంగారు నాణేలు తేలిందట. కాలక్రమంలో అక్కడి భిక్షువులు తమలో తాము కలహించి, తీర్పుకోసం రాజు వద్దకు పోతారు. అదను కనిపెట్టి ఉన్న ప్రత్యర్థులు సంఘారామాన్ని పాడుచేసి, మళ్ళీ ఎవరూ ప్రవేశించకుండా దారి మూసివేస్తారు.

ఈ గాథను నాగార్జునుని కాలనిర్ణయానికీ, శ్రీపర్వతం ఉనికిని తేల్చడానికీ పండితులు పలుమార్లు వినియోగించారు. గాథ నడిచే తీరును మాత్రం అంతగా పట్టించుకోలేదు. ఇందులో పెద్ద సంకల్పం ఒక్కరిది, దాన్ని గట్టెక్కించే శక్తి మరొక్కరిది. మిగిలిన లోకమంతా ఉప్పు లెక్కలో మాత్రమే కనిపిస్తుంది. ఎవరు తొలిచారు, ఎవరు తిండి పెట్టారు, ఏ ఊళ్ళు ఒప్పుకున్నాయి అనే ప్రశ్నలకు చోటు లేదు. రాజు ధనం అయిపోయినప్పుడు అద్భుతం తప్ప వేరే దారి కథకునికి తోచలేదు. తోచకపోవడంలో వింత లేదు. ఒక్కరి సంకల్పంగా చెప్పిన ప్రతి కథకూ ఎక్కడో ఒకచోట ఇటువంటి అద్భుతం అవసరమవుతుంది.

దక్షిణ కోసలమంటే స్థూలంగా నేటి ఛత్తీస్‌గఢ్. రాయ్‌పూర్, దుర్గ్ నగరాల నడుమ, భిలాయి ఉక్కు కర్మాగారానికి అనుబంధంగా పెరిగిన చరోదా ఆ నేలమీదిదే. రాయ్‌పూర్ దాటి తూర్పుగా వెళితే మహానది ఒడ్డున సిర్‌పూర్ వస్తుంది. మహాశివగుప్త బాలార్జునుని పాలనలో ఆనందప్రభుడనే భిక్షువు అక్కడ విహారం కట్టించాడు. ఆ శిథిలం నేడు ఆ భిక్షువు పేరుతోనే ప్రసిద్ధం. అక్కడా మొదట వినిపించేది ఒక్క పేరే. ఒక పెద్ద పనిని ఒక పేరుతో గుర్తుంచుకునే అలవాటు హ్యూయన్ త్సాంగ్‌తో మొదలైనదీ కాదు, ఆయనతో ఆగినదీ కాదు. అయితే ఆ గాథలో ప్రస్తావించిన సాతవాహనుల సీమకు, అంటే కృష్ణా లోయకు, వెళ్ళి అక్కడి రాళ్ళనే అడిగితే అవి వేరే విధంగా బదులిస్తాయి.

భట్టిప్రోలుతో మొదలుపెట్టడం న్యాయం. అలెగ్జాండర్ రీ 1892లో అక్కడి స్తూపగర్భం నుంచి వెలికితీసిన ధాతుపేటికలపై శాసనాలను బ్యూలర్ ఎపిగ్రాఫియా ఇండికా రెండవ సంపుటంలో ప్రకటించాడు. వాటి కాలం క్రీ.పూ. మూడు, రెండు శతాబ్దుల ప్రాంతమని సాధారణాభిప్రాయం. మన పాఠ్యపుస్తకాలకు వాటిలో ముఖ్యంగా దొరికింది ఒక రాజు. కుబిరకుడు భట్టిప్రోలు ప్రాంతాన్ని ఏలాడనీ, ఆంధ్రదేశంలో శాసనాలకెక్కిన తొలి పాలకులలో ఒకడనీ అవి చెబుతాయి. అది తప్పు కాదు. కాని శాసనం ఆ రాజును ఎలా పరిచయం చేసిందన్నది వదిలివేసి చెప్పిన నిజం అది. శాసనంలో కుబిరకుడు సింహగోష్ఠికి ‘పాముఖుడు’, అంటే ప్రముఖుడు. పేటికనూ, స్ఫటిక సముద్గకాన్నీ, శిలా సముద్గకాన్నీ సమర్పించినది అతడొక్కడే కాదు; అతడు ఎవరికి ముందు నిలిచాడో ఆ గుంపు. మరో పేటికపై గోష్ఠి సభ్యుల పేర్లు, ఇంకొక దానిపై ‘నేగమ’ అన్న మాట కింద నిగమ సభ్యుల పేర్లు వరుసగా ఉన్నాయి. వారి వృత్తులు చెప్పలేదు, బిరుదులు లేవు, ఎవరు ఎంత ఇచ్చారో లేదు. గోష్ఠిలో ఉండడమే వారి గుర్తింపు.

గోష్ఠి అన్న మాట నేటి తెలుగులోనూ బ్రతికే ఉంది. సాహిత్యగోష్ఠి, ఇష్టాగోష్ఠి అంటాం. అందులో ఇప్పుడు మాటలే మిగిలాయి. భట్టిప్రోలు గోష్ఠి మాటలతో పాటు ధనాన్నీ పోగుచేసింది, రాతిపనివానిని కుదుర్చుకుంది, ధాతువులను నిక్షేపించే బాధ్యతను నెత్తికెత్తుకుంది. రాజు ఆ గోష్ఠిని స్థాపించాడా, అప్పటికే ఉన్న గోష్ఠి రాజును తన ముందుపీట మీద కూర్చోబెట్టుకుందా అన్నది శాసనం తేల్చదు. ‘రాజాశ్రయం’ అనే ఒక్క పదంతో ఆ ప్రశ్నను మూసివేయడం మాత్రం శాసనానికి చేసే అన్యాయం.

అక్కడే మొదటి పేటికపై కురుని తండ్రి, కురుని తల్లి, కురుడు, శివుడు అని దాతలు కనిపిస్తారు. తల్లికీ తండ్రికీ సొంత పేరు లేదు. కొడుకు పేరుతోనే వారు ఊరికి తెలుసు. తెలుగు పల్లెల్లో నేటికీ ఫలానావాడి అమ్మ, ఫలానావాడి నాన్న అని పిలవడం విన్నవారికి ఈ పద్ధతి కొత్త కాదు. పేరు కూడా నలుగురి మధ్య స్థిరపడేదే అయినప్పుడు, దానం చేయాలన్న నిర్ణయం నలుగురికీ దూరంగా ఎక్కడో ఏకాంతంలో పుట్టిందనుకోవడానికి ఆధారమేమిటి?

అమరావతి ఈ ప్రశ్నను ఇంకా సూటిగా ముందు నిలుపుతుంది. విధికుడనే చర్మకారుడు పూర్ణఘటాన్ని చెక్కిన పలకను మహాచైత్యానికి ఇచ్చాడు. వర్ణవ్యవస్థను గురించి రాసేవారు ఈ శాసనాన్ని తరచు ఉదాహరిస్తారు; చర్మకారుడు దాతగా నిలబడగలిగిన స్థలం అమరావతి అని చూపడానికి. ఆ ఉదాహరణకు విలువ ఉంది. కాని ఉదాహరించేటప్పుడు ‘చర్మకారుడు విధికుని దానం’ అన్నంతవరకే తీసుకుని మిగిలిన సగాన్ని కత్తిరించడం అలవాటయింది. ఆ సగంలో ఏముంది? విధికుడు నాగ ఉపాధ్యాయుని కుమారుడు. అతడు దానమిచ్చింది తల్లితో, భార్యతో, సోదరులతో, కొడుకు నాగునితో, కుమార్తెలతో, జ్ఞాతి మిత్ర బాంధవులతో కలిసి. ప్రాకృతంలో ఒక్కొక్క బంధం ముందూ ‘స’ చేరుతూ వస్తుంది: సమాతుక, సభయక, సభాతుక. వ్యాకరణంలో దీనిని సహబహువ్రీహి అంటారు. లిపిశాస్త్రజ్ఞులు దీనిని ఒక మూసవాక్యంగా భావించి దాటిపోతారు.

మూసవాక్యమే అనుకుందాం. మూస ఎందుకు పుట్టింది? పెళ్ళిపత్రికలో ‘బంధుమిత్ర సపరివార సమేతంగా’ అన్నది కూడా మూసే. అది లేని పత్రిక అందుకున్నవాడు నొచ్చుకుంటాడు. అందరూ రాసేది కాబట్టి అర్థం లేదనడం కంటే, అందరూ రాయవలసి వచ్చింది కాబట్టి అర్థం ఉందనడం సమంజసం. పలక చెక్కడానికి కూలి చెల్లించాలి. ఆ మేరకు ఇంట్లో మరేదో ఆగిపోతుంది. తల్లి కాదంటే, సోదరులు ఉమ్మడి సొమ్మని అడ్డుపడితే ఆ పలక లేదు. ‘స’ అన్న అక్షరం పుణ్యం పంచుకోవడాన్నే కాదు, సమ్మతి తీసుకోవడాన్ని కూడా నమోదు చేస్తున్నదని చదవడానికి వీలుంది.

ఇక్కడ భిక్షువుల నుంచి ఒక ఆక్షేపణ రావడం సహజం. కర్మకు మూలం చేతన. చేతన ఎవరిది వారిదే. ఒకరి దానం మరొకరి సంకల్పం ఎట్లా అవుతుంది? ఆక్షేపణ బలమైనదే. దానికి సమాధానం కూడా సంప్రదాయంలోనే ఉంది. అనుమోదన అంటే ఇతరుల కుశలకర్మను చూసి మనసారా ఆమోదించడం; ఆమోదించిన చిత్తం ఆమోదించిన వానిదే. కల్యాణమిత్రత బ్రహ్మచర్యంలో సగమని ఆనందుడు అంటే, సగం కాదు సర్వమూ అదేనని తథాగతుడు సరిదిద్దిన సందర్భం సంయుత్తనికాయంలో ఉన్నది. చేతన వ్యక్తిగతమే గాని, అది ఏ దిక్కుకు మళ్ళుతుందన్నది చుట్టూ ఉన్నవారిని బట్టి ఉంటుందని దీని భావం. చమ్మకార విధికుని శాసనం ఈ బోధకు వ్యాఖ్యానం కాదు. ఆ బోధ వినబడే ఊళ్ళో మనుషులు ఎట్లా మసలుకున్నారో అది చూపుతుంది.

పరిశోధకులు సాముదాయికతను విస్మరించారనడం సరికాదు. తొలి బౌద్ధ కట్టడాలు రాజుల కంటే సామాన్యుల సమష్టి పోషణతో లేచాయని విద్యా దెహేజియా 1992లో వెలువడిన ప్రసిద్ధ వ్యాసంలో వాదించారు. దాతలలో భిక్షు భిక్షుణుల స్థానం ఎంత పెద్దదో గ్రెగరీ శోపెన్ నిరూపించాడు. ఉపీందర్ సింగ్ సాంచీ శాసనాలను వర్గీకరించి 1996లో విలువైన అధ్యయనం చేశారు. ఈ కృషి లేకుంటే నేటి చర్చకు నేలే లేదు. అయినా ఈ ధోరణి మొత్తం మీద లెక్కింపు మీద ఆధారపడింది. గృహపతులు ఎందరు, వణిజులు ఎందరు, స్త్రీలు ఎందరు, ఏయే ఊళ్ళవారు అని పట్టికలు వేసినప్పుడు, సమష్టి అనేది విడివిడి వ్యక్తుల మొత్తంగా మిగిలిపోతుంది. పట్టికలో విధికుడు ఒక అంకె, ‘చర్మకారుడు’ అన్న గడిలో. అతని వెనుక నిలిచిన తల్లికి గడి లేదు. వంద పలకలు ఇచ్చిన వందమందిని లెక్కించగలం. ఒకరి పలకను చూసి పొరుగువాడు ఎందుకు కదిలాడన్నది లెక్కకు అందదు. ధాన్యకటక నిగమం దాతగా ఉన్న అమరావతి శాసనాన్ని తీసుకుంటే పట్టిక మరీ తడబడుతుంది. నిగమాన్ని ఒకటిగా లెక్కించాలా, వందగానా?

నాగార్జునకొండ సంగతి వేరు. ఇక్ష్వాకు వీరపురుషదత్తుని 6వ పాలనాసంవత్సరంలో, క్రీ.శ. మూడవ శతాబ్దిలో, మహాచైత్యపు పనిని ముగింపజేసిన చాంతిసిరిని గురించి రాసినంతగా మరో ఆంధ్ర బౌద్ధ దాత్రి గురించి రాయలేదు. ఆమె చాంతమూలుని సోదరి, పూకియ వంశపు మహాతలవర కందసిరి భార్య, వీరపురుషదత్తునికి అత్త. వాజపేయం, అశ్వమేధం చేసిన రాజు ఇంట పుట్టిన స్త్రీ అపరమహావినసేలియ ఆచార్యుల కోసం స్తంభాలు నిలబెట్టింది. ఇది ఆమె స్వతంత్రవ్యక్తిత్వానికి నిదర్శనమని కొందరు, రాజనీతిలో భాగమని కొందరు అన్నారు. వోగెల్ 1929–30 నాటి ఎపిగ్రాఫియా ఇండికాలో ప్రకటించిన ఆయకస్తంభ శాసనాలను పక్కపక్కన పెట్టి చదివితే ఈ రెంటికీ లొంగని దృశ్యం కనబడుతుంది. ఒక స్తంభం చాంతిసిరిది, మరొకటి చాంతమూలుని కుమార్తె అడవి చాతిసిరిది, ఇంకొకటి మేనత్త హమ్మసిరి కూతురైన రాణిది, వేరొకటి ఉజ్జయిని నుంచి వచ్చిన రుద్రధరభట్టారికది. ఒకే ఇంటి ఆడపడుచులూ కోడళ్ళూ వరుసగా నిలిచారు. ఒకరు ఇస్తే ఇంకొకరు ఇవ్వకుండా ఉండలేని పరిస్థితి అది. భక్తి, పోటీ, మర్యాద మూడూ కలిసినది. ‘ఉభయకుల’ హితం అన్న మాట ఊరికే పడలేదు. పుట్టింటికీ మెట్టింటికీ జవాబుదారీగా ఉన్న స్త్రీ ఆ రెంటి పేరా దానం చేస్తే, దానికి రెండు ఇళ్ళలోనూ అడ్డు చెప్పేవారుండరు.

అదే లోయలో చుల్లధమ్మగిరిపై బోధిసిరి ఉపాసిక శాసనం ఉంది. ఆమె రాణి కాదు. తన వారినీ భర్త బుధింనకుని వైపు వారినీ పేర్కొని, తామ్రపర్ణి థేరుల కోసం చైత్యగృహం కట్టించింది. పుబ్బసెలలో తటాకం, పుష్పగిరిలో శిలామండపం, కంటకసెల మహాచైత్యపు తూర్పుద్వారం వద్ద మరొక శిలామండపం ఆమె చేయించిన పనులలో కొన్ని. ఇన్ని ఊళ్ళలో ఇన్ని పనులు ఒక గృహిణి ఎట్లా సాగించింది? శాసనం చివర చెబుతుంది: పనిని నడిపించిన చందముఖ, ధమ్మనంది, నాగ థేరులు, రాయి చెక్కిన ‘సేలవడ్ఢకి’ విధికుడు. నవకర్మను భిక్షువులు పర్యవేక్షించడం, ఆ భిక్షువులకు ఒక విహారం నుంచి మరో విహారానికి రాకపోకలు ఉండడం, రాతిపనివారు అందుబాటులో ఉండడం వల్ల ఆమె సంకల్పానికి కాళ్ళు వచ్చాయి. హ్యూయన్ త్సాంగ్ గాథలో నాగార్జునుడు బంగారం చేసి తీర్చిన లోటును ఇక్కడ ముగ్గురు థేరులు, ఒక వడ్ఢకి తీర్చారు.

సముదాయాన్ని పొగిడి ఊరుకోవడం కూడా విమర్శ కాదు. విధికుని శాసనంలో తండ్రి నాగుడు, కొడుకు నాగుడు. తాత పేరు మనుమనికి పెట్టిన సంగతి తెలుస్తుంది. తల్లికి, భార్యకు, కుమార్తెలకు పేర్లు లేవు. కలుపుకున్న ‘స’ అక్షరమే వారిని మరుగుపరచింది కూడా. సముదాయం ఒక మనిషిని పెద్ద పనికి పురికొల్పుతుంది. ఎవరి పేరుతో ఆ పని జరగాలో కూడా తానే నిర్ణయిస్తుంది. భట్టిప్రోలు స్ఫటికంపై నందపుర స్త్రీలు ‘మాతుగామ’గా, అంటే సామూహికంగా, దాతలైనారు. అక్కడ వారికి గుంపుగా ఉనికి దొరికింది, విడిగా దొరకలేదు. ఏ సముదాయమైనా ఎవరికి ఎంత చోటిస్తుందన్న ప్రశ్నను ప్రతి శాసనం దగ్గరా మళ్ళీ అడగాలి.

సముదాయపు వెడల్పు కూడా ముఖ్యమే. నాగార్జునకొండ వైభవం ఇక్ష్వాకుల ఇంటితో గట్టిగా ముడిపడింది. ఆ వంశం పోయాక అక్కడ అంతటి బౌద్ధనిర్మాణం మళ్ళీ జరగలేదు. ధాన్యకటకంలో హ్యూయన్ త్సాంగ్ నాటికే అనేక విహారాలు పాడుబడినా, 1344 నాటి గడలాదెణియ శాసనం సింహళ భిక్షువు ధర్మకీర్తి అక్కడి ప్రతిమాగృహాన్ని బాగుచేయించాడని చెబుతున్నది. చర్మకారుని నుంచి నిగమం దాకా పరచుకున్న దాతల వలయం ఒకటి, బంధుత్వంలోనే తిరిగిన వలయం ఒకటి. రేవులు, వాణిజ్యం, రాజధాని మార్పులు వంటి కారణాలూ ఉన్నాయి, నిజమే. అయినా మొదటి వలయం ఎక్కువ కాలం నిలిచిందనడం సాహసం కాదు.

ఈ చర్చ కృష్ణా లోయకే పరిమితమైనది కాదు. భిలాయిని గురించి చెప్పే చరిత్ర హ్యూయన్ త్సాంగ్ గాథను పోలే ఉంటుంది. 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం, 1959 ఫిబ్రవరిలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించడం: ఒక రాజ్యసంకల్పం, దూరదేశపు విద్య. రసవిద్య స్థానంలో సాంకేతికవిద్య వచ్చింది. అదే కర్మాగారానికి ఇనుపరాయి పంపే దల్లీ–రాజహరా గనుల్లో 1977లో ఏర్పడిన ఛత్తీస్‌గఢ్ మైన్స్ శ్రామిక్ సంఘ్ వేరే మార్గం చూపింది. తమ నాయకురాలొకరు ప్రసవసమయంలో వైద్యం అందక మరణించిన తరువాత ఆ గనికార్మికులు తమ చందాలతో, తమ శ్రమతో ఆసుపత్రి కట్టుకున్నారు. 1983లో షహీద్ ఆసుపత్రి తెరుచుకుంది. మద్యపానాన్ని మానిపించడానికి కూడా ఆ సంఘమే పూనుకుంది. ఒక మనిషి సాయంత్రం ఎటు నడవాలన్న నిర్ణయంలో నలుగురి మాటకు ఎంత బలముందో అక్కడ తేలింది. ఆ చరిత్ర సైతం శంకర్ గుహా నియోగి అనే ఒక్క పేరు చుట్టూ అల్లుకుపోయింది. ఆయన 1991లో భిలాయిలో హత్యకు గురయ్యాడు. ఆ పేరును తగ్గించనక్కరలేదు. చందా పుస్తకంలోని పేర్లను కూడా చదవాలి.

విజయనగరం–రాయ్‌పూర్ రైలుమార్గం వెంట ఉక్కు, రైల్వే పనులకోసం తరలివచ్చి చరోదాలోనూ భిలాయిలోనూ స్థిరపడిన తెలుగువారి చరిత్రను రాసేవారికి ఇది పనికివచ్చే పాఠం. వలస వెళ్ళినవాని ధైర్యాన్ని గురించే అడిగితే కథ ఒక్కరి సాహసంగానే ముగుస్తుంది. ముందుగా ఎవరు వచ్చారు, మొదటి నెలలు ఎవరింట తిన్నారు, క్వార్టరు దొరికేదాకా ఎక్కడ పడుకున్నారు, ఊళ్ళో పొలం ఎవరి చేతుల్లో పెట్టారు, పిల్లవాని చదువుకు ఎవరు హామీ నిలిచారు, వద్దన్నవారు ఎవరు అని అడగాలి. ఇంట్లో ఆడవారిని వారి పేర్లతో నమోదు చేయాలి. శాసన సంకలనాల తెలుగు అనువాదాల్లోనూ ‘ఫలానావాని దానం’ అని కుదించకుండా, సహార్థంలో వచ్చిన ప్రతి బంధాన్నీ శాసనంలో ఉన్న వరుసలోనే ఇవ్వడం మొదలుకావాలి. మ్యూజియం పలకపై అందుకు మరో రెండు పంక్తుల చోటు పడుతుంది, అంతే.